విప్పి చూస్తే గానీ

కాటాలాయన కారులో మూడో గేరు నిలవడం మానేసి నెల దాటింది. మొదట్లో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే ఊడేది. తర్వాత చదును రోడ్డు మీద కూడా ఊడింది. ఇప్పుడైతే, ఇష్టం లేని బళ్లో కూర్చోబెట్టిన పిల్లాడిలా కాసేపు మూలిగి టక్కుమని బయటికొచ్చేస్తోంది. ఆయన ఒక చేత్తో గేరు రాడ్డును అదిమిపట్టి, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతూ, హారన్ కొట్టాల్సి వస్తే మోచేత్తో కొడుతూ నడుపుతున్నాడు. ఇక రివర్స్ సంగతి చెప్పనక్కర్లేదు. దానికి బుద్ధి పుడితే పడుతుంది. పుట్టకపోతే లోపల ఎవరో గులకరాళ్లు నూరుతున్నట్టు గరగరమంటుంది. అందుకని ముందుకి పోవడానికి దారి ఉన్న చోటే ఆయన బండి ఆపుతాడు. అలాంటి చోటు దొరక్క, వెళ్లాల్సిన షాపు దాటిపోయి రెండు వీధులవతల ఆపి, ఇనుప తూకం రాళ్ల సంచి భుజాన వేసుకుని వెనక్కి నడిచిన రోజులున్నాయి.

కాటాలు బాగుచేయడం ఆయన పని. షాపులో గానీ గోడౌన్‌లో గానీ కాటా తప్పు చూపిస్తే ఆయన్ని పిలుస్తారు. ఆయన రాళ్లు పెట్టి చూసి, విప్పి, తుడిచి, సరిచేసి వస్తాడు. పల్లెటూరి బళ్లో చదివింది తక్కువే. ఒప్పుకున్న పని ఒప్పుకున్న పూటకి చేసివ్వడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అలా చేయనివాణ్ణి ఆయన మనిషిగా లెక్కపెట్టడు. అలా లెక్కలోంచి తీసేసినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరికన్నా ముందున్నవాడు బావమరిది, చచ్చిపోయిన భార్యకి తమ్ముడు.

మూడేళ్ల కిందట ఇదే కారు గేర్‌బాక్స్ బావమరిది షెడ్డులో బల్ల మీద ముక్కలుగా ఉంది. శుక్రవారం ఇస్తానన్నాడు. శుక్రవారం అడిగితే రేపన్నాడు. శనివారం అడిగితే రేపన్నాడు. సోమవారం సాయంత్రం కాటాలాయన భార్య కూర తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆయన వానలో రోడ్డు మధ్య నిలబడి ట్యాక్సీల కోసం చేతులూపాడు. ఒకటి ఆగేసరికి ఆలస్యమైంది. కారు ఉన్నా ఇంతే జరిగేదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆయన నమ్మలేదు. నమ్మితే ఆ కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పట్నుంచీ బావమరిదితో మాటల్లేవు. కొన్నాళ్లకి అతను షెడ్డు మూసేశాడని ఎవరో చెబితే, పీడ విరగడైందనుకున్నాడు.

ఇప్పుడు కూతురికి నెలలు నిండాయి. అల్లుడు ఓడ మీద వంటవాడు. ఆ ఓడ ఏ పూట ఎక్కడుంటుందో ఓడకే తెలియాలి. అతను వెళ్లిన దగ్గర్నుంచీ ఆమె తండ్రి ఇంట్లోనే ఉంటోంది. ఏ క్షణాన నొప్పులొచ్చినా గుమ్మం ముందు కారు ఉండాలి, తాళం తిప్పితే కదలాలి. కాటాలాయనకి కావలసింది అదొక్కటే. ఈ జన్మలో ఇంకోసారి రోడ్డు మీద నిలబడి చేతులూపే ఉద్దేశం ఆయనకి లేదు.

మొదట అద్దాల గ్యారేజీకి వెళ్లాడు. అక్కడ నేల మీద ఒక్క నూనె చుక్క లేదు. సోఫా ఉంది, కాఫీ యంత్రం ఉంది. టై కట్టుకున్న మేనేజరు కారు చుట్టూ ఒకసారి తిరిగి, కనీసం బానెట్ కూడా ఎత్తకుండా, పెదవి విరిచాడు.

"మొత్తం బాక్స్ మార్చేయాలి సార్."

"విప్పకుండానే ఎలా తెలిసింది?"

"అనుభవం సార్. అయినా విప్పి చూస్తే గానీ కచ్చితంగా చెప్పలేం."

"తెలిసిపోయాక విప్పడం ఎందుకు?"

"కచ్చితం చేసుకోడానికి సార్. విప్పడానికి ఒక చార్జీ. బిగించడానికి ఇంకో చార్జీ."

"బిగించొద్దంటే?"

మేనేజరు ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగనట్టు కాసేపు ఆలోచించాడు. "అట్టపెట్టెలో పెట్టి ఇస్తాం సార్" అన్నాడు. తర్వాత "ఒక్క నిమిషం" అని అద్దం తలుపు అవతలికి వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి, తిరిగొచ్చి, ఒక కాగితం చేతిలో పెట్టాడు. కింద ఉన్న అంకె చూసి కాటాలాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. అంకె తగ్గలేదు. ఆ డబ్బుతో ఇలాంటి కారే ఇంకొకటి కొని, మిగిలిన దాంతో దానికి కొత్త టైర్లు కూడా వేయించుకోవచ్చు.

"ఇందులో కాఫీ ఖరీదు కూడా కలిపారా?" అని అడిగాడు.

"కాఫీ ఫ్రీ సార్."

"బతికించారు" అని లేచొచ్చేశాడు.

ఇంటికొచ్చి కూతురికి చెప్పాడు. ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని, దిండు నడుముకి పెట్టుకుని, అంతా విని నవ్వింది.

"నువ్వూ అంతే కదా నాన్నా. ఎవరు కాటా తెచ్చినా 'విప్పి చూస్తే గానీ చెప్పలేను' అనే కదా నీ మొదటి మాట."

"నేను విప్పడానికి డబ్బులు తీసుకోను."

"బిగించడానికి తీసుకుంటావు, అదీ ఇదీ కలిపి."

"పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గమ్మున పడుకో."

"లోపలిది తీరుబాటుగానే ఉంది. నీకే కంగారు. ఇంతకీ బండి ఉంటుందా, ఉండదా? అది చెప్పు చాలు. లేదంటే పైవాటా ఆయన స్కూటర్ అడుగుతా."

"స్కూటర్ మీద వెళతావా, ఈ పొట్టతో?"

"మరి నువ్వేమో గేరు పట్టుకుని నడుపుతావు. నేనేం పట్టుకోవాలి?"

చెప్పడానికి ఏమీ లేనప్పుడు గొడవ పెట్టుకోవడం ఆయన అలవాటు. కూతురితో మాత్రం ఆ అలవాటు పారదు.

రెండో గ్యారేజీ సందులో ఉంది. యజమానిని అందరూ గుండు అంటారు, అతనూ పలుకుతాడు. గుండు కనీసం కారు నడిపి చూశాడు. వీధి చివరిదాకా వెళ్లి, రివర్స్ పడక, ఇంకో వీధిలోంచి చుట్టు తిరిగి వచ్చాడు. దిగి, డిక్కీ తెరిచి, లోపలున్న తూకం రాళ్లు చూసి నోరెళ్లబెట్టాడు.

"ఏంటి బాబాయ్ ఇది? కారా, గోడౌనా?"

"నా సామాను."

"ఇంత బరువు మోస్తే గాడిదైనా మోకాళ్ల మీద పడుతుంది. పాపం, బాక్స్ ఏం చేస్తుంది?"

"మూడేళ్లుగా మోస్తోంది. ఇంతకాలం పడని బరువు ఇప్పుడెలా పడింది?"

"అదే మరి. పడీ పడీ పడింది" అని గుండు ఫోన్ తీసుకుని వెనక్కి వెళ్లాడు. టైర్ల గుట్ట అవతల నిలబడి మాట్లాడుతుంటే సగం సగం వినిపిస్తోంది. "మూడు ఊడుతోంది... ఆ, రివర్స్ కూడా... డిక్కీ నిండా తూకం రాళ్లు... పెద్దాయనే." తర్వాత చాలాసేపు అవతలి మనిషి మాట్లాడినట్టున్నాడు. గుండు "ఊఁ, ఊఁ" అంటూ తల గోక్కున్నాడు. తిరిగొచ్చి చెప్పిన ధర అద్దాల గ్యారేజీ ధరలో సగం.

తగ్గినందుకు కాటాలాయన సంతోషించాలి. ఆయనకి ఒళ్లు మండింది. ఒకే జబ్బుకి, ఒకే ఊళ్లో, ఒకడు చెప్పిందాంట్లో సగం ఇంకొకడు చెబితే, ఇద్దరిలో ఒకడు దొంగ అయ్యుండాలి. లేదా ఇద్దరూ. ఫోన్లు కూడా అందుకే చేసుకుంటున్నారు. ఒకడు చుక్కలు చూపిస్తాడు, ఇంకొకడు చంద్రుణ్ణి చూపిస్తాడు. చుక్కలు చూసి బెదిరినవాడు చంద్రుడు దగ్గరే కదా అని జేబులో చెయ్యి పెడతాడు. కాటాలాయన పెట్టలేదు.

"ఆలోచించుకుని చెప్తా" అన్నాడు.

"ఆలోచించేలోపు ఉన్న రెండో గేరు కూడా పోతుంది బాబాయ్."

"పోతే నడిచొస్తా."

మూడో గ్యారేజీ ఊరి చివర, పాత రైలు గేటు దాటాక. తండ్రి పోయాక కూతురే దాన్ని నడుపుతోంది. నడివయసు మనిషి, చేతులు మోచేతులదాకా నల్లగా. ఆవిడ సోఫా చూపించలేదు. బోర్లించిన నూనె డబ్బా చూపించి కూర్చోమంది. కారు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నంబరు ప్లేటు చూసి ఫోన్ చేసింది. ఆవిడ అవతలికి వెళ్లలేదు. ఆయన ముందే మాట్లాడింది గానీ, "సరే, సరే, అలాగే, నీ ఇష్టం" తప్ప ఇంకేం అనలేదు. ఫోన్ పెట్టేసి ధర చెప్పింది.

అది గుండు చెప్పిన దాంట్లో మళ్లీ సగం కూడా లేదు.

కాటాలాయన డబ్బా మీంచి లేచాడు. ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏమ్మా, నా మొహం మీద ఏమైనా రాసుందా? ఒక చోట ఇల్లు రాసిమ్మన్నారు. ఇంకో చోట సగం ఇల్లన్నారు. నువ్వు గుమ్మం తలుపు ఇస్తే చాలంటున్నావు. ఈ ధరకి లోపల ఏం చేస్తారు? ఊది ఇస్తారా?"

"అరిగిన బేరింగులు, గేరు జరిపే ఫోర్క్ ఒకటి, రివర్స్ పళ్లచక్రం. కొత్తవి వేస్తారు. వాటి ఖరీదే చెప్పాను."

"కూలి?"

"కూలి వద్దన్నాడు."

"ఎవరు?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "బాబాయ్, ఈ ఊళ్లో గ్యారేజీలు చాలా ఉన్నాయి. గేర్‌బాక్స్ విప్పేవాడు మాత్రం ఒక్కడే. అద్దాల వాళ్లయినా, గుండయినా, నేనయినా బాక్స్ దించి అతని ఇంటికి పంపిస్తాం. అతను బాగుచేసి పంపిస్తే బిగిస్తాం. అతనడిగిన దానికి మా వాటా కలిపి మీకు చెప్తాం. అద్దాల వాళ్లకి ఎవరి బండో తెలీదు, అతను మామూలు రేటు చెప్పుంటాడు, దాని మీద వాళ్లు టై ఖరీదు కూడా వేసుకుంటారు. గుండు తూకం రాళ్ల సంగతి చెప్పగానే అతనికి ఎవరి బండో తెలిసిపోయిందట. కూలి వద్దన్నాడు. గుండు ఆ మాట మీకు చెప్పలేదు, కూలి తనే వేసుకున్నాడు. నేనూ కొంచెం వేసుకున్నాను, అబద్ధమెందుకు. బాక్స్ దించి ఎక్కించడం నా నడుం కదా."

"ఎవరతను?"

"అతను కస్టమర్ల మొహం చూడడు. షెడ్డు మూసేసి, ఇంటి వెనక రేకుల కింద ఒక్కడే చేసుకుంటాడు. ఎవరికీ తారీఖు చెప్పడు. ముందు చెప్పేవాడట. మేమందరం అతన్ని రేపు అని పిలుస్తాం. ఎప్పుడడిగినా అదే మాట."

కాటాలాయన ఇంకేం అడగలేదు. తాళం తీసుకుని కారెక్కాడు.

"పడుతూ లేస్తూ ఎక్కడికి పోతారు? ఎక్కడికి తీసుకెళ్లినా చివరికి అతని బల్ల మీదికే కదా" అని ఆవిడ వెనకనుంచి అంది.

ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండింది. మూడేళ్లుగా మొహం చూడనివాడు ఊళ్లో ప్రతి గ్యారేజీ వెనకా నక్కి ఉన్నాడు. తను బేరమాడిందంతా వాడితోనే. వాడు కూలి వద్దంటాడు. ఎవడికి కావాలి వాడి దయ?

రైలు గేటు దగ్గర మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. కాటాలాయన బండి ఆపాడు. మళ్లీ కదిలించబోతే మొదటి గేరు కూడా మొహం చాటేసింది. లారీ డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"పెద్దాయనా, కొంచెం వెనక్కి తియ్యండి."

"పడదు."

"అయితే ముందుకి రండి, నేనే తీస్తా."

"అదీ పడదు."

"మరేం పడుతుంది?"

"ఏదీ పడదు."

లారీ డ్రైవరు దిగొచ్చాడు. తిట్టలేదు. ఇద్దరు దారిన పోయేవాళ్లని పిలిచి, కారుని పక్కకి తోయించి, "ఇంట్లో ఎవరైనా ఉంటే ఫోన్ చెయ్యండి" అన్నాడు. వానలో రోడ్డు మీద చేతులూపిన సాయంత్రం తర్వాత కాటాలాయన ఇంత చిన్నబోయింది లేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని కూతురికి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు. బాక్స్ చివరికి ఎవరి దగ్గరికి పోతుందో కూడా చెప్పాడు.

"మావయ్య అని నాకు తెలుసు నాన్నా. నేను మాట్లాడుతూనే ఉన్నాను. నీకు చెప్పలేదంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎప్పుడు మానేశాను గనక? గొడవ నీది. నాకు ఉన్న మావయ్య ఒక్కడే."

"వాడి వల్ల..."

"తెలుసు. ఆ మాట రోజూ వింటున్నాను. ఇప్పుడు నాకు కారు కావాలి. వాడా వీడా అని చూస్తూ కూర్చుంటే, వీడు" అని ఒక్క క్షణం ఆగింది, పొట్ట మీద చెయ్యి పెట్టుకుందేమో, "నీ కోపం తీరేదాకా లోపల కూర్చోడు."

కాటాలాయన ఫోన్ జేబులో పెట్టుకుని, రైలు గేటు దాటి, గ్యారేజీకి వెనక్కి నడిచాడు.

"రెండు షరతులు" అన్నాడు గ్యారేజీ ఆవిడతో. "ఒకటి, కూలి పూర్తిగా తీసుకోవాలి. ఊళ్లో అందరి దగ్గరా ఎంత తీసుకుంటాడో అంత. రెండు, తారీఖు చెప్పాలి."

"తారీఖు చెప్పడని చెప్పాను కదా."

"అడుగు."

ఆవిడ ఫోన్ చేసి స్పీకరు నొక్కింది. షరతులు చెప్పింది. అవతల రేకుల మీద ఏదో చప్పుడు, సుత్తి కింద పెట్టిన శబ్దం. కాటాలాయన నేల మీద మరకలు చూస్తూ నిలబడ్డాడు.

"రే..." అని మొదలుపెట్టి గొంతు ఆగిపోయింది. మళ్లీ వచ్చింది. "గురువారం. గురువారం ఇస్తానని చెప్పు."

గ్యారేజీ ఆవిడ ఫోన్ వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. "మా నాన్న చివరి రోజుల్లో ఎంత అడిగినా ఇతను తారీఖు చెప్పలేదు" అంది.

మర్నాడు పొద్దున కాటాలాయన పాలకోసం తలుపు తీస్తే గుమ్మం ముందు ఒక వాన్ నిలబడి ఉంది. నీలం రంగు, ఒక పక్క సొట్ట, నిండా గ్రీజు వాసన. వెనక పనిముట్లు, పాత గేర్‌బాక్సుల గుల్లలు. ముందు సీటు మీద మాత్రం కొత్త మెత్త వేసి ఉంది, దాని ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు. గేరు రాడ్డుకి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద వంకర అక్షరాలు. "రివర్స్: కిందికి నొక్కి ఎడమకి."

తాళం కూతురి చేతిలో ఉంది. "మావయ్య వచ్చి ఇచ్చి వెళ్లాడు. కారు వచ్చేదాకా ఉంచుకోమన్నాడు."

"తీసుకుపొమ్మని చెప్పు."

"నువ్వే చెప్పు. నంబరు ఇస్తా."

ఆయన చెప్పలేదు. వీధి మొదట్లో ఉండే ట్యాక్సీ డ్రైవరుతో మాట్లాడి పెట్టుకున్నాడు. ఎప్పుడు పిలిచినా రావాలి, వెయిటింగ్ చార్జీ ఇస్తా అన్నాడు. ట్యాక్సీ డ్రైవరు గుండె మీద చెయ్యి వేసుకుని వస్తానన్నాడు. వాన్ మీద దుమ్ము పడింది. పక్కింటావిడ గేటుకి అడ్డమని గొణిగింది. అయినా ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ముట్టుకోలేదని కూతురు అనుకుంది. మంగళవారం మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక ఆయన తాళం తీసుకుని, శత్రువు కత్తికి పదునెంతో చూసేవాడిలా, వాన్‌ని వీధి చివరిదాకా నడిపి తెచ్చాడు. కిందికి నొక్కి ఎడమకి అనుకున్నాడు. రివర్స్ వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంత బాగా చేయగలిగినవాడు ఆ శుక్రవారం ఎందుకు చేయలేదు? వాన్‌ని ఉన్నచోటే, టైరు గుర్తులు కూడా కలిసేలా పెట్టి, తాళం మేకుకి తగిలించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

గురువారం కారు రాలేదు.

గ్యారేజీ ఆవిడకి ఫోన్ చేశాడు. బాక్స్ ఇంకా రాలేదంది. అతన్ని అడిగితే ఏమన్నాడు అని అడిగాడు. ఆవిడ కాసేపు నసిగి, "ఏమంటాడు? అదే మాట" అంది.

కాటాలాయన ఫోన్ గోడకేసి కొట్టాల్సినంత కోపంతో దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. ఇంతే. మనిషి మారడు. కుక్కని నమ్మినా కాపలా కాస్తుంది, ఇతన్ని నమ్మినవాడు రోడ్డు మీద పడతాడు. పొద్దుపోయేదాకా గదిలోంచి వంటగదికి, వంటగదిలోంచి గదికి తిరుగుతూనే ఉన్నాడు. కూతురు మేకుకున్న వాన్ తాళం వంక చూసింది. ఆ చూపే ఆయనకి ఎక్కువైంది.

శుక్రవారం పదిన్నరకి ఆమె స్నానాల గది తలుపు పట్టుకుని పిలిచింది. "నాన్నా, ఇక బయల్దేరాలి."

ట్యాక్సీ డ్రైవరు ఫోన్ ఎత్తాడు. ఊరికి అవతల ఉన్నాడు, ఎవరో పెళ్లివాళ్లని దింపుతున్నాడు, గంటలో వచ్చేస్తాడట. గుండె మీద చెయ్యి వేసుకునే చెప్పి ఉంటాడు.

కాటాలాయన ఫోన్ పెట్టేసి మేకు మీంచి తాళం తీశాడు. కూతురిని కొత్త మెత్త మీద కూర్చోబెట్టాడు. ప్లాస్టిక్ కరకరలాడింది. వాన్ వెనక్కి తీయాలి. కిందికి నొక్కి ఎడమకి. అది మారుమాట లేకుండా వెనక్కి వెళ్లింది.

దారంతా ఆయన తిడుతూనే ఉన్నాడు. వాన్‌ని తిట్టాడు, గ్రీజు వాసనని తిట్టాడు, వెనక దొర్లుతున్న స్పానర్లని తిట్టాడు, గురువారాన్ని తిట్టాడు. కూతురు నొప్పికి పళ్లు బిగించి, నొప్పి తగ్గగానే అడిగింది.

"నాన్నా, అట్టముక్క చూడకుండానే రివర్స్ ఎలా వేశావు?"

ఆయన ముందు ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు.

"మంగళవారం నేను నిద్రపోలేదు" అంది ఆమె. తర్వాత నొప్పి వచ్చి మాట ఆగిపోయింది.

సాయంత్రానికి మనవరాలు పుట్టింది. నర్సు తెచ్చి చేతుల్లో పెట్టింది. ఆయనకి అలవాటు కొద్దీ బరువు అంచనా కట్టాలనిపించింది. కట్టాడు. నర్సు చెప్పిన బరువు దానికి దగ్గర్లోనే ఉంది. వాళ్ల కాటా ఒకసారి చూడాలి అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి ముందు బండ్లు ఆపే చోటికి ఆయన కారు వచ్చింది. స్టీరింగు దగ్గర బావమరిది. దిగి, తలుపు మూసి, కారు పక్కన నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. గోళ్ల సందుల్లో నలుపు. పైకి రాలేదు. కిటికీలోంచి కాటాలాయన చూశాడు, చాలాసేపు చూసి కిందికి దిగాడు.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట ఇలా అన్నాడు.

"గురువారం అన్నావు."

"అన్నాను బావా."

"ఇవాళ ఏ వారం?"

"శనివారం."

"చెప్పిన రోజుకి జీవితంలో ఒక్కసారైనా ఇచ్చావా?"

బావమరిది తల అడ్డంగా ఊపాడు. "బుధవారానికే బిగించాను. గ్యారేజీకి పంపేముందు బల్ల మీద తిప్పి చూశాను. మూడులో చిన్న శబ్దం వస్తోంది. మళ్లీ విప్పాను."

"ఎంత శబ్దం?"

"నడిపేవాళ్లకి వినపడదు. నాకు వినపడింది."

"నడిపేవాడికి వినపడనప్పుడు నీకెందుకు?"

"ఇవాళ వినపడదు. ఆరునెలలకి మళ్లీ ఊడుతుంది." కారు పైకప్పు మీద దుమ్ము వేలితో తుడుస్తూ అన్నాడు. "అప్పుడు కూడా అంతే బావా. శబ్దం. శుక్రవారానికి బిగించేశాను. అక్క బండి కదా అని మళ్లీ విప్పాను."

కాటాలాయన ఏదో అనబోయాడు. ఆ శబ్దం కోసం, అని మొదలుపెట్టి, తర్వాత ఏ మాట పెట్టాలో తెలియక నోరు మూసుకున్నాడు. అంబులెన్సు ఒకటి వచ్చి ఆగింది, ఎవరినో దింపారు, వెళ్లిపోయింది.

"దాన్ని నేను మర్చిపోను" అన్నాడు చివరికి.

"వద్దు బావా. మర్చిపొమ్మని అడగడానికి రాలేదు."

"కూలి ఎంత?"

బావమరిది చెప్పాడు. ఒక్క పైసా తగ్గించలేదు, షరతు అది. కాటాలాయన మొహం చిట్లించాడు.

"ఇంతా? అందరి దగ్గరా ఇంతే తీసుకుంటావా? ఇది దోపిడీ."

"విప్పింది రెండుసార్లు కదా."

"రెండోసారి విప్పమని నేనడిగానా?"

"సరే, ఒకసారికే ఇవ్వు."

"అక్కర్లేదు" అని కాటాలాయన జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టకుండానే చేతిలో పెట్టాడు. కారెక్కి తాళం తిప్పి, రివర్స్ వేశాడు. పడింది. మొదటి గేరు, రెండు. ఆవరణలోనే ఒక చుట్టు తిరుగుతూ మూడు వేశాడు. చెయ్యి అలవాటు కొద్దీ రాడ్డు మీదే బిగుసుకుని ఉంది. వేళ్లు ఒక్కొక్కటే వదిలాడు. గేరు కదల్లేదు. చెవి ఎంత రిక్కించినా ఏ శబ్దమూ లేదు.

తిరిగొచ్చి ఆపాడు. బావమరిది ఉన్నచోటే నిలబడి ఉన్నాడు.

"పైన ఉంది, మూడో గది" అన్నాడు కాటాలాయన. "ముందు చేతులు కడుక్కో. సబ్బు రెండుసార్లు. ఆ గోళ్లతో పిల్లని ముట్టుకుంటే ఊరుకోను."

బావమరిది రెండడుగులు వేసి ఆగాడు. "బావా, వాన్ తాళం ఇస్తే సాయంత్రం తీసుకుపోతాను. పనుంది."

కాటాలాయన జేబులో తాళం చేతికి తగులుతూనే ఉంది. కిందికి నొక్కి ఎడమకి అని రాసిన అట్టముక్క కూడా అందులోనే ఉంది, ఎప్పుడు విప్పి పెట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

"రేపు" అన్నాడు.